మగ్గం గుంటలో మా తమ్ముడు

నా చిన్నప్పుడు ఆడిన అబద్ధాలన్నీ కుప్ప పోస్తే ఒక గంప నిండుతుంది. బెల్లం తిని తినలేదన్నవి, బడి ఎగ్గొట్టి పోయానన్నవి, పక్కింటి జామచెట్టు ఎక్కి ఎక్కలేదన్నవి. అవన్నీ ఎప్పుడో మరిచిపోయాను. ఒక్కటి మాత్రం మరపు రాలేదు. ఆ ఒక్కదాని వల్ల నేను పడ్డ భయం, పెద్దయ్యాక పురిటి మంచం ఎక్కినప్పుడు కూడా పడలేదు.

మాది పోచంపల్లి పక్కన ఒక చిన్న ఊరు. అప్పటికి నల్లగొండ జిల్లా. తెలంగాణ వచ్చాక జిల్లాలు విడదీసి మమ్మల్ని వేరే పేరు కింద చేర్చారు గానీ, ఎవరైనా అడిగితే నా నోటికి ఇప్పటికీ నల్లగొండే వస్తుంది. మా వాడలో ఇంటికో మగ్గం ఉండేది. మా ఇంట్లో నాయినది ఒకటి, తాతది ఒకటి. రెండూ గుంట మగ్గాలు. నేలలో గుంట తవ్వి ఉంటుంది. నేసే మనిషి అంచు మీద కూర్చుని కాళ్ళు అందులోకి దించి, కింద ఉన్న కర్రలు తొక్కుతూ నేస్తాడు. ఎవరూ నేయని వేళల్లో ఆ గుంట పిల్లల ఆటజాగా. ఎండాకాలం కూడా లోపల చల్లగా ఉండేది.

మా అమ్మ, అవ్వ చిటికి కట్టేవాళ్ళు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మా చీరల మీద కనిపించే పువ్వులు, ఏనుగులు నేసిన తరువాత అద్దినవి కావు. నేయకముందే నూలు పోగులను కట్టగా చేసి, గుర్తులు పెట్టి, గుర్తు ఉన్నచోటల్లా సైకిలు ట్యూబు నుంచి కోసిన సన్నటి రబ్బరు ముక్కను బిగించి చుట్టాలి. దాన్నే చిటికి కట్టడం అంటారు. ఆ కట్టను రంగులో ముంచితే చిటికి ఉన్నచోటికి రంగు పోదు, అక్కడ తెల్లగానే ఉండిపోతుంది. నాకు ఆరేళ్ళకే ఆ పని నేర్పారు. తొమ్మిదేళ్ళు వచ్చేసరికి నా చేయి తిరిగింది. అవ్వ తిట్టకుండా ఊరుకుందంటే ఆ రోజు కట్లు బాగా కుదిరాయని అర్థం, మా ఇంట్లో మెచ్చుకోలు అంతకు మించి ఉండేది కాదు.

నాకు ఏడెనిమిదేళ్ళు ఎడంగా మా తమ్ముడు పుట్టాడు. అమ్మకు పని ఎడతెగదు కాబట్టి వాడు నా చంకలోనే పెరిగాడు. నన్ను చూసి ఊరివాళ్ళు ‘బిడ్డకు బిడ్డ పుట్టింది’ అని ఆటపట్టించేవాళ్ళు. నాకు కోపం వచ్చేది, లోపల గర్వంగా కూడా ఉండేది. వాడు నడక నేర్చింది నా వేలు పట్టుకునే.

వాడికి ఏడాదిన్నర ఉన్నప్పుడు ఊళ్ళోకి నర్సమ్మ వచ్చింది. పిల్లలం ఆమెను సూదులమ్మ అనేవాళ్ళం. బడి వరండాలో చిన్న స్టవ్వు వెలిగించి, గాజు సిరంజిలు నీళ్ళలో మరగబెట్టింది. ఆ బుడబుడ చప్పుడు వింటేనే వరుసలో ఉన్న పిల్లలు ఏడుపు అందుకున్నారు. మా తమ్ముడిని అవ్వ ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. కాళ్ళు కదలకుండా పట్టుకోమని నాకు చెప్పారు. సూది దిగగానే వాడు కెవ్వున అరిచి నా వైపు చూశాడు. నన్నెందుకు పట్టించావు అన్నట్టు చూశాడు. మాటలు రాని పసివాడు అంత అడుగుతాడా అంటే, ఏమో, నాకు మాత్రం అలాగే వినిపించింది.

ఆ సాయంత్రమే జ్వరం వచ్చింది. తొడ మీద చింతగింజంత గడ్డ కట్టింది. మూడు రోజులు వాడు నేల మీద కాలు పెట్టలేదు. నా భుజం మీద తల వాల్చి మూలుగుతూనే ఉన్నాడు. మా అవ్వ మాత్రం ఆ గడ్డ తడిమి చూసి సంబరపడింది. దానికి కారణం ఉంది. ఆమె చిన్నతనంలో అమ్మవారు, అంటే మశూచి, పోయకుండా చేతికి టీకాలు వేసేవాళ్ళు. అవి పుండై పొంగి, మాని, పావలా బిళ్ళంత మచ్చ పడితే టీకా పట్టినట్టు. మచ్చ పడని వాళ్ళకే మళ్ళీ వేసేవాళ్ళు. ఆ లెక్క ప్రకారం మనవడి తొడ మీద గడ్డ కట్టింది కాబట్టి సూది పట్టింది.

“పట్టింది గద! ఒక్కపారి పట్టినంక మళ్ళ మళ్ళ పొడుసుడేంది?” అన్నది అవ్వ.

నర్సమ్మ నెలకొకటి చొప్పున ఇంకా రెండు వేయాలని చెప్పే పోయింది. కానీ మా ఇంట్లో అవ్వ మాటకు ఎదురు లేదు. అమ్మ కూడా సరే అనుకుంది. తాత ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనని మనిషి, మగ్గం చప్పుడే ఆయన మాట.

నెల తిరిగింది. ఆ పొద్దున వీధి ఆ చివర నిలువు పోగుల పడుగు చాపి గంజి పెడుతున్నారు. అది నలుగురు పట్టే పని కాబట్టి నాయిన, అమ్మ, అవ్వ అక్కడికే పోయారు. ఇంట్లో నేను, తమ్ముడు. తాత మంచినీళ్ళ కోసం మగ్గం మీది నుంచి లేచాడు. అంతలో పిల్లలు అరుచుకుంటూ పరుగెత్తుకొచ్చారు, సూదులమ్మ వాడలోకి వచ్చిందని. ఈసారి బడి దగ్గర కూర్చోకుండా ఇల్లిల్లూ తిరుగుతోందట.

మళ్ళీ ఆ చూపు నేను చూడలేను. మళ్ళీ ఆ మూడు రోజుల మూలుగు వినలేను. తమ్ముడిని ఎత్తుకుని అటూ ఇటూ చూసి, తాత మగ్గం గుంటలో ఒక మూలకు కూర్చోబెట్టి, చేతిలో బెల్లం గడ్డ పెట్టాను. పైకి లేచేసరికి తాత వచ్చి ఎప్పటిలాగే కూర్చుని కాళ్ళు గుంటలోకి దించాడు. వద్దనేలోపే నర్సమ్మ గడప ముందు నిలబడి ఉంది.

“తమ్ముడేడి బిడ్డా?”

“లేడు. అమ్మమ్మోళ్ళ ఊరికి పోయిండు.”

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! నర్సమ్మ తాత వైపు చూసింది. అప్పుడే తాతకు పోగు తెగింది కాబోలు, తల పూర్తిగా వంచి అతుకు పెట్టుకుంటున్నాడు. కర్రలు తొక్కడం లేదు కాబట్టి తమ్ముడికి దెబ్బ తగలదు. నా అదృష్టం ఎంత గట్టిదో అనుకున్నాను. నర్సమ్మ పుస్తకంలో ఏదో రాసుకుని, వాడు రాగానే పక్క ఊరి దవాఖానకు తీసుకురమ్మని, మరిచిపోవద్దని రెండుసార్లు చెప్పి వెళ్ళింది. నేను రెండుసార్లూ తల ఊపాను. గుంటలోంచి తమ్ముడిని తీస్తే మూతినిండా బెల్లం పూసుకుని నవ్వాడు. లోకమంతా గెలిచినట్టు అనిపించింది నాకు.

తరువాత ఇరవై రోజులో ఎన్నో నాకు సరిగా తెలియదు. వెనక వాడలో ఒక పిల్ల ఉండేది, నాలుగేళ్ళది. రోజూ మా వాకిట్లోకి ఆడుకోవడానికి వచ్చేది. ఒకనాడు సగం కొరికిన జామకాయ మా తమ్ముడి నోట్లో పెట్టి తినిపించింది. ఆ మరునాడు రాలేదు. జ్వరమన్నారు. తరువాత గొంతు నొప్పి, నీళ్ళు కూడా మింగలేకపోతోందన్నారు. మెడ వాచింది. గొంతు బొంగురుపోయింది. వాళ్ళ అమ్మానాయినలు దాన్ని దుప్పట్లో చుట్టి బస్సెక్కించి పట్నం తీసుకుపోయారు.

మూడో రోజు తల్లీ తండ్రీ మధ్యాహ్నం బస్సు దిగారు. తల్లి ఏడుపు బస్సు ఆగిన చోటు నుంచే మా వాడకు వినిపించింది. ఆ ఏడుపు గురించి ఇంతకంటే రాయను. రాయడం నాకు చేతకాదు.

బోరింగు దగ్గర ఆడవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. బిందె పట్టుకుని నిలబడ్డ నన్ను ఎవరూ పట్టించుకోలేదు.

“గొంతుల తెల్లగ పొర కట్టిందట. గాలి ఆడలేదట పిల్లకు.”

“మొన్న సూది ఏసినప్పుడు దానికి గూడ గడ్డ కట్టె గదా. రెండోపారి నర్సమ్మ వచ్చిననాడు చుట్టాల ఊర్ల ఉన్నరు.”

బిందె నా చేతిలోంచి జారి కాళ్ళ మీద పడింది. నొప్పి తెలియలేదు. దానికీ గడ్డ కట్టింది. దానికీ ఒక్క సూదే పడింది. మా అవ్వ లెక్క ప్రకారం ఆ పిల్లకు ఏమీ కాకూడదు. మరి ఎందుకు చచ్చిపోయింది? రెండో సూది వేయించుకోని ఇంకో పిల్లవాడు ఈ ఊళ్ళో ఎవరో నాకు తెలుసు. ఎందుకు వేయించుకోలేదో కూడా ఊరు మొత్తానికి నా ఒక్కదానికే తెలుసు. జామకాయ సంగతి కూడా నాకే తెలుసు.

అప్పటి నుంచి భయం నన్ను వదలలేదు. తమ్ముడిని వాకిట్లో ఎండకు నిలబెట్టి నోరు తెరిపించి చూసేదాన్ని. తెరవడానికి బెల్లం ఆశపెట్టేదాన్ని. ఒకసారి లోపల తెల్లగా కనిపించింది. కొంగు లేని వయసు, లంగా అంచే చుట్టి వాడి నాలుక తుడిచాను. తెల్లదనం పోయింది. అప్పుడే పాలు తాగాడని అప్పుడు గుర్తొచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియక అక్కడే కూలబడ్డాను. ఇప్పుడు చెబుతుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు మాత్రం ప్రాణం పోయి వచ్చింది.

మరునాడు వాడు దగ్గాడు. ఆ మరునాడు ముక్కు కారింది. మధ్యాహ్నం పడుకుంటే పక్కనే కూర్చుని వాడి పొట్ట లేస్తోందా లేదా అని చూస్తూ ఉండేదాన్ని. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే దిగేది కాదు. అలా దిగకపోతే నాకే ఆ జబ్బు వచ్చిందేమోనని మళ్ళీ భయం. అమ్మకు చెబుదామని పది సార్లు పోయాను, పది సార్లూ వెనక్కి వచ్చాను. దెబ్బలకు భయపడి కాదు. దెబ్బలు నాకు కొత్త కాదు. నోటితో చెప్పేస్తే అది నిజమైపోతుందని ఏదో పిచ్చి నమ్మకం. చెప్పనంతవరకు తమ్ముడికి ఏమీ కానట్టే. పిల్లల భయానికి ఇటువంటి లెక్కలే ఉంటాయి, పెద్దవాళ్ళకు కూడా ఉంటాయేమో.

చేతి పని చెడింది. నేను కట్టిన చిటికిలు వదులైపోయి ఒక కట్ట మొత్తం పాడైంది. అవ్వ తిట్టిన తిట్లు వాడ చివరికి వినిపించి ఉంటాయి. తాత మాత్రం ఆ పాడైన కట్టను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు, తరువాత నా మొహం చూశాడు.

ఆరో రోజు పొద్దెక్కాక తాత నన్ను పెరట్లో రంగు బాన దగ్గరికి పిలిచాడు. మిగిలిపోయిన తెల్ల నూలు పిడికెడు చేతిలో పెట్టి, మూడు చోట్ల చిటికి కట్టమన్నాడు. మొదటి చోట ఒక్క చుట్టు, రెండో చోట రెండు, మూడో చోట మూడు. బిగించి కట్టమన్నాడు. ఎందుకని అడిగే ధైర్యం లేదు. పళ్ళు బిగబట్టి కట్టాను. ఆయన దాన్ని ఎర్ర రంగులో ముంచి కర్రతో అదిమి పట్టాడు. ఇద్దరం బాన పక్కనే కూర్చున్నాం. తమ్ముడు మా వెనక మట్టిలో ఆడుకుంటూ అప్పుడప్పుడు దగ్గుతున్నాడు. దగ్గిన ప్రతిసారీ నేను ఉలిక్కిపడుతున్నాను. తాత చేతిలో కర్ర కూడా ఆగుతోంది, ఎందుకో తరువాత తెలిసింది.

తీసి, కడిగి, పిండి, రబ్బరు ముక్కలు ఒక్కొక్కటే విప్పాడు. ఒక్క చుట్టు ఉన్నచోట రంగు లోపలికి జొరబడి తెలుపు ఆనవాలే లేదు. రెండు చుట్లు ఉన్నచోట అంచులు తిని, నడుమ కొంచెం మిగిలింది. మూడు చుట్లు ఉన్నచోట మల్లెమొగ్గలా తెల్లగా ఉంది.

“మీ అవ్వ చెప్పింది గూడ అబద్ధం కాదు బిడ్డా. ఒక్క చుట్టు గూడ కట్టే. కని రంగు ఆగలే,” అన్నాడు తాత.

అంతే, నా లోపల ఏదో తెగిపోయింది. వెక్కి వెక్కి ఏడుస్తూ అంతా చెప్పేశాను. గుంటలో దాచింది, బెల్లం పెట్టింది, నర్సమ్మతో అన్న మాట, జామకాయ, నాలుక మీద పాలు, అన్నీ. తమ్ముడు చచ్చిపోతాడా అని అడిగాను. ఆ మాట నోటి నుంచి వచ్చాక నేనే చెవులు మూసుకున్నాను.

తాత నా చేతులు చెవుల మీది నుంచి తీశాడు.

“ఆ దినం పోగు తెగలే బిడ్డా,” అన్నాడు. “వాని నెత్తి నా పాదానికి తగిలింది. నేను ఊకున్న. మొదటిపారి వాడు పడ్డ గోస నాక్కూడ సూడబుద్ధి కాలే. గా పిల్ల పోయిన కాంచి నాకు గూడ అన్నం బుక్క దిగుతలేదు.”

నేను ఏడుపు ఆపి ఆయన్ని చూశాను. పెద్దవాళ్ళకు భయం ఉంటుందని అంతవరకు నాకు తెలియదు. తాత అంతటి మనిషి భయపడితే ఇంక దిక్కెవరని ఒక క్షణం ఇంకా భయం వేసింది. తరువాత, ఎందుకో తెలియదు, ఆరు రోజులుగా నేను ఒక్కదాన్నే మోస్తున్న బరువుకు అవతల ఇంకొకరు చేయి వేసినట్టయింది. ఇద్దరం తప్పు చేశాం, ఇద్దరం భయపడ్డాం. నాకైతే చిన్నతనం, మరి ఆయనకు? ప్రేమ ముసలివాళ్ళను కూడా పిల్లల్ని చేస్తుంది కాబోలు.

ఆ నూలు పోగుకూ, మనిషి ప్రాణానికీ పోలిక ఎంతవరకు నిలుస్తుందో నాకు తెలియదు. తాత డాక్టరు కాదు. నాకు చెప్పడానికి ముందు తనకు తానే చెప్పుకుంటున్నాడని, అవ్వ నమ్మకాన్ని తన కళ్ళ ముందు పరీక్ష పెట్టుకున్నాడని ఇప్పుడు అనిపిస్తుంది. ఆయనకు తెలిసిన చదువు అదొక్కటే.

“పోదాం పా,” అని లేచాడు.

అమ్మకు సంగతి చెప్పి, తమ్ముడిని భుజాన వేసుకుని తాత నడిచాడు. అవ్వ గుమ్మంలో నిలబడి ఉంది. అడ్డం చెబుతుందని భయపడ్డాను. ఆమె తన పాత చీర ముక్క తెచ్చి వాడి తలకు ఎండ తగలకుండా కప్పింది. దవాఖాన ఊరు మూడు మైళ్ళు. దారిలో వాడు నిద్రపోయాడు. తల తాత భుజం మీద వేలాడుతోంది. నేను పక్కనే పరుగులాంటి నడక నడుస్తూ, నాలుగు అడుగులకొకసారి వాడి అరికాలు గిచ్చేదాన్ని. వాడు కాలు ముడుచుకుంటే ఊపిరి పీల్చుకునేదాన్ని. చివరికి వాడు నిద్ర లేచి ఏడుపు మొదలుపెట్టాడు. లోకంలో ఎవరూ ఏడుపు విని అంత సంతోషపడి ఉండరు.

దవాఖాన ముందు చాలామంది పిల్లల తల్లులు ఉన్నారు. కబురు ఊరూరా పాకింది. నర్సమ్మ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ పిల్ల ఇంటికి పోయి వచ్చిందట. మమ్మల్ని చూడగానే గుర్తుపట్టింది.

“అమ్మమ్మోళ్ళ ఊరికెళ్ళి వచ్చిండా?” అని అడిగింది.

తాత అందరి ముందు తల వంచుకుని, “వాడు యాడికీ పోలేదమ్మా. ఇంట్లనే ఉండె. అబద్ధం నాది, పోరిది కాదు,” అన్నాడు. అది కూడా అబద్ధమే. ఆ ముసలాయన నా కోసం ఆ జనంలో తల వంచడం చూసి నాకు ఆగలేదు. నాదే అబద్ధమని అరిచినట్టే చెప్పాను. అందరూ మా వైపు తిరిగి చూశారు. నర్సమ్మ తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

“ఎవరిదైతేంది. తెచ్చిండ్రు, గది చాలు,” అన్నది ఆమె.

టార్చిలైటు వేసి వాడి గొంతు చూసింది. మెడ తడిమింది. ఆమె చూసినంతసేపు నేను తాత పంచె అంచు పిడికిట్లో నలుపుతూనే ఉన్నాను. గొంతు శుభ్రంగా ఉందని, ఇది మామూలు పడిశమని చెప్పింది. అయినా జామకాయ సంగతి విని కళ్ళు పెద్దవి చేసింది. కలిసి ఆడుకున్న పిల్లలందరినీ చూడాలని, రేపే వాడకు వస్తానని అన్నది. వాడికి వారం రోజులు తాగించమని మందు కూడా ఇచ్చింది. నేను ధైర్యం చేసి అడిగాను, మధ్యలో తప్పింది కదా, మళ్ళీ మొదటి నుంచి వేయాలా అని.

“వద్దు బిడ్డా. యాడ ఆగిందో ఆడ్నుంచే ఏస్త. మొదటిది వృథా పోదు,” అన్నది.

ఆ తరువాత కూర్చోబెట్టి నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. ఆ ఒక్క సూదిలోనే మూడు జబ్బులకు మందు ఉందట. గొంతుకు పొర కట్టే కంఠసర్పి, ఊపిరి తిప్పుకోనియ్యని కోరింత దగ్గు, ఒళ్ళు విల్లులా వంచేసే ధనుర్వాతం. మొదటి సూది జబ్బు ఎలా ఉంటుందో ఒంటికి చూపిస్తుందట, రెండోది గుర్తు చేస్తుందట, మూడోదానికి గట్టిపడుతుందట. గడ్డ కట్టడానికీ, పట్టడానికీ సంబంధం లేదట. మా అవ్వ చేతి మచ్చ వేరే టీకాది, దాని తీరు వేరు. ఇంత చిన్న సంగతి తెలియక ఒక ఇంటి దీపం ఆరింది, మా దీపం కొసన నిలబడింది.

అక్కడే రెండో సూది వేశారు. తాత మొహం పక్కకు తిప్పుకున్నాడు కాబట్టి వాడి కాళ్ళు నేనే పట్టుకున్నాను. వాడు మళ్ళీ అరిచాడు, మళ్ళీ నన్నే చూశాడు. మళ్ళీ జ్వరం వచ్చింది. పడిశం పోయేదాకా, ఆ పైన ఇంకో వారం దాకా, వాడి నోరు తెరిపించి చూడటం మానలేదు. వాడికి ఏమీ కాలేదు. నెల తిరిగాక మూడో సూదికి మా అవ్వే వాడిని ఎత్తుకుని అందరికంటే ముందు నిలబడింది. తన పొరపాటు గురించి ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. వెనక వాడ తల్లి ఇంటికి మాత్రం చాలా రోజులు పూట పూటకూ అన్నం గిన్నె పట్టుకుని పోయేది.

ఇప్పుడు పిల్లలకు సూదుల వరుస పెరిగింది. పుట్టగానే మొదలు. నెలన్నరకు, రెండున్నర నెలలకు, మూడున్నర నెలలకు, తొమ్మిది నెలలు నిండితే తట్టు రాకుండా, ఏడాదిన్నరకు ఒకసారి, బడికి పోయే ఐదేళ్ళకు, మళ్ళీ పదికి, పదహారుకు. మా మనవరాలి కార్డు బియ్యం డబ్బా కంటే భద్రంగా నా దగ్గరే ఉంటుంది. మా ఊరి ఆశా కార్యకర్త ఫోను చేయకముందే నేను చేస్తాను. ఆమె నన్ను చూసి విసుక్కుంటుంది, విసుక్కోనీ. ఫోన్లో ఎవరో పంపారని సూదుల మీద భయపెట్టే వీడియోలు మా కోడలు చూపిస్తుంది. ఆ అమ్మాయిని నేను తిట్టను. బిడ్డకు నొప్పి కలుగుతుందంటే తల్లి వెయ్యి సాకులు వెతుకుతుంది, నేను మగ్గం గుంట వెతకలేదా? భయం తప్పు కాదు. వరుసలో నిలబడ్డప్పుడు నాకు ఇప్పటికీ భయమే. భయపడుతూనే నిలబడతాను.

మా తమ్ముడికి మాత్రం ఈ సంగతి నలభై ఏళ్ళకు పైగా చెప్పలేదు. సిగ్గు, ఇంకేముంది. ఈమధ్య వాడి మనవడికి నెలన్నర సూది వేయించడానికి అందరం కలిసి పోయాం. పిల్లవాణ్ణి లోపలికి తీసుకుపోయారు. మీసాలు నెరిసిన మా తమ్ముడు వరండాలో కాలు నిలవకుండా అటూ ఇటూ తిరుగుతున్నాడు. వాడి మనసు మళ్ళించాలని, పక్కన కూర్చోబెట్టుకుని అంతా చెప్పాను. వాడు విని కడుపు పట్టుకుని నవ్వాడు.

“గుంటల దాసినవా నన్ను? నాకేం యాదికి లేదక్కా. సూది గూడ యాదికి లేదు.”

మొదట నా మనసు చిన్నబోయింది. వాడి ఒక్క చూపు తలచుకుని నేను ఇన్నేళ్ళు కుమిలితే, వాడికి ఒక్క ముక్క గుర్తు లేదు. తరువాత వాడి నవ్వు మొహం చూస్తూ ఉండిపోయాను. యాదికి లేదని చెప్పడానికైనా మనిషి ఎదురుగా ఉండాలి కదా. వెనక వాడ పిల్ల ఉండి ఉంటే దానికిప్పుడు యాభై దగ్గర పడేవి, సూది నొప్పి దానికి కూడా గుర్తుండేది కాదు.

లోపల పసివాడు కెవ్వుమన్నాడు. వాడి తల్లి కళ్ళు ఒత్తుకుంటూ బయటికి వచ్చింది. “వానికి యాదుండదు బిడ్డా, మనకే ఉంటది. ఉండనీ,” అని చెప్పి, నేను పసివాణ్ణి అందుకుని భుజాన వేసుకున్నాను.